రోల్డ్ అముండ్‌సెన్

రోల్డ్ అముండ్‌సెన్ (1872 జూలై 16 - 1928 జూన్ 18) నార్వే దేశానికి చెందిన సుప్రసిద్ధ ధ్రువ అన్వేషకుడు. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువంపై మొట్టమొదట అడుగుపెట్టిన అయిదుగురు సభ్యుల బృందానికి ఇతడు నాయకుడు. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను కలిపే వాయవ్య మార్గాన్ని ఓడపై ఆసాంతం ప్రయాణించి దాటిన మొదటి నావికుడు కూడా ఇతడే. 1926లో వాయునౌకపై ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించి, రెండు ధ్రువాలనూ చూసిన తొలి వ్యక్తులలో ఒకడుగా పేరుపొందాడు. బ్రిటిష్ నౌకాదళ అధికారి రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ బృందంతో ఇతడు తలపడిన దక్షిణ ధ్రువపు పందెం అన్వేషణల చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధి చెందిన ఘట్టం. ఆ పందెంలో గెలిచినవారందరూ ప్రాణాలతో తిరిగివచ్చారు. ఓడినవారిలో ధ్రువం చేరిన అయిదుగురూ మరణించారు. అందువల్లనే అముండ్‌సెన్ విజయం పొగడ్తలతో పాటు జీవితాంతం విమర్శలనూ తెచ్చిపెట్టింది.

బాల్యం, విద్యాభ్యాసం

అముండ్‌సెన్ నార్వే ఆగ్నేయ భాగంలోని బోర్గె అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి యెన్స్ అముండ్‌సెన్ ఓడల యజమాని, నౌకా కెప్టెన్. తల్లి పేరు గుస్తావా. నలుగురు అన్నదమ్ములలో రోల్డ్ చివరివాడు. ఇతని చిన్నతనంలోనే కుటుంబం రాజధాని క్రిస్టియానియాకు తరలివచ్చింది. ఈ నగరానికి 1925 నుండి ఓస్లో అనే పేరు వచ్చింది. రోల్డ్‌కు 14 ఏళ్ళ వయసులో, 1886లో, తండ్రి మరణించాడు. సముద్రం మీద బ్రతుకు తన కుమారులలో ఒక్కడికైనా వద్దని భావించిన తల్లి, కడగొట్టు కొడుకును వైద్యుడిగా చూడాలని ఆశించింది. ఆమె మాట కాదనలేక అముండ్‌సెన్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యలో చేరాడు.

అయితే ఇతని మనసు బాల్యం నుండి ధ్రువ ప్రాంతాలపైనే ఉండేది. వాయవ్య మార్గాన్ని వెదుకుతూ 1845లో బయలుదేరి, 128 మంది అనుచరులతో సహా అంతరించిపోయిన ఆంగ్ల నావికుడు సర్ జాన్ ఫ్రాంక్లిన్ యాత్రల వృత్తాంతాలు ఇతడిని ఎంతగానో ఆకర్షించాయి. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ స్కీలపై గ్రీన్‌లాండును అడ్డంగా దాటి, మరుసటి ఏడాది క్రిస్టియానియాకు తిరిగివచ్చినప్పుడు జరిగిన స్వాగతోత్సవం ఈ కోరికను మరింత బలపరచింది. (మంచుపై జారుతూ నడవడానికి కాళ్ళకు కట్టుకునే పొడవాటి చెక్క పలకలను స్కీలు అంటారు.) చలికి శరీరాన్ని అలవాటు చేసుకోవడం కోసం ఇతడు శీతాకాలంలో కూడా కిటికీలు తెరచి నిద్రించేవాడు.

1893లో తల్లి మరణించింది. అప్పటికి అముండ్‌సెన్‌కు 21 సంవత్సరాలు. వెంటనే వైద్య విద్యకు స్వస్తి చెప్పి, సీల్ జంతువుల వేటకు వెళ్ళే ఓడలలో నావికునిగా చేరి, క్రమంగా మేట్ పదవికి కావలసిన అర్హత సంపాదించాడు. ధ్రువ యాత్రలలో ఓడ కెప్టెన్‌కు, యాత్రా నాయకునికి మధ్య తగాదాలు రావడం వలన అనేక యాత్రలు చెడిపోయాయని అతడు గ్రహించాడు. రెండు బాధ్యతలనూ తానొక్కడే నిర్వహించగలగాలన్నది నావికా విద్యను ఎంచుకోవడంలో ఇతని ఉద్దేశం. 1896లో అన్న లియోన్‌తో కలిసి నార్వేలోని హార్దంగర్ పీఠభూమిని శీతాకాలంలో స్కీలపై దాటబోయి, మంచు తుఫానులో చిక్కుకొని అతికష్టం మీద బయటపడ్డాడు.

బెల్జికా యాత్ర

1897లో ఏడ్రియన్ ద జెర్లాష్ నాయకత్వంలో బయలుదేరిన బెల్జియం అంటార్కిటికా యాత్రలో అముండ్‌సెన్ మేట్‌గా చేరాడు. వీరి ఓడ బెల్జికా 1898లో బెలింగ్స్‌హాసెన్ సముద్రపు మంచులో చిక్కుకొని, సుమారు ఏడాది పాటు కదలలేకపోయింది. ఆ విధంగా అంటార్కిటికా మంచులో శీతాకాలమంతా గడిపిన మొట్టమొదటి యాత్రా బృందం వీరిదయ్యింది. వారాల తరబడి సూర్యుడు కనిపించని ఆ చీకటిలో పలువురు నావికులు స్కర్వీ వ్యాధి పాలయ్యారు. కొందరికి మతి చలించింది.

ఆ ఓడ వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ అనే అమెరికన్. సీల్, పెంగ్విన్‌ల తాజా మాంసం తింటే స్కర్వీ తగ్గుతుందని అతడు పట్టుబట్టి అందరిచేతా తినిపించాడు. రోగులు కోలుకున్నారు. విటమిన్ సి ఇంకా కనుగొనబడని రోజులవి. తాజా మాంసమే ధ్రువ ప్రాంతంలో ఔషధమన్న పాఠాన్ని అముండ్‌సెన్ మరువలేదు. కుక్ తరువాతి కాలంలో అపకీర్తి పాలై, అమెరికాలో జైలుశిక్ష అనుభవిస్తున్నప్పుడు, 1926లో అముండ్‌సెన్ స్వయంగా జైలుకు వెళ్ళి అతడిని పలకరించి వచ్చాడు.

వాయవ్య మార్గం

అమెరికా ఖండపు ఉత్తరాన, ద్వీపాల నడుమ గడ్డకట్టిన జలసంధుల గుండా ఆసియాకు దారి కనుగొనాలని ఐరోపా నావికులు నాలుగు శతాబ్దాలపాటు ప్రయత్నించారు. పెద్ద ఓడలు, పెద్ద బృందాలు విఫలమైనచోట చిన్న ఓడ, కొద్దిమంది మనుషులు సఫలం కాగలరని అముండ్‌సెన్ యోచించాడు. 47 టన్నుల యోవా అనే చేపల పడవను కొని, తనతో కలిపి ఏడుగురితో యాత్రకు సిద్ధమయ్యాడు. అప్పులవాళ్ళు ఓడను స్వాధీనం చేసుకునే ప్రమాదం ఏర్పడటంతో 1903 జూన్‌లో ఒక అర్ధరాత్రి వానలో రహస్యంగా క్రిస్టియానియా రేవును విడిచాడు.

కింగ్ విలియం ద్వీపం దక్షిణ తీరంలోని ఒక చిన్న సహజ రేవులో యోవా రెండు శీతాకాలాలు గడిపింది. ప్రస్తుతం కెనడాలోని నునావుట్ ప్రాంతంలో ఉన్న ఆ ఊరు నేటికీ ఈ ఓడ పేరుతోనే పిలువబడుతున్నది. ఉత్తర అయస్కాంత ధ్రువానికి సంబంధించిన కొలతలు తీసుకోవడం అక్కడ వీరి శాస్త్రీయ కార్యక్రమం. 1831లో జేమ్స్ రాస్ గుర్తించిన చోటు నుండి ఆ ధ్రువం జరిగిందని ఈ కొలతలు నిరూపించాయి.

ఆ రెండేళ్ళలో అముండ్‌సెన్ నేర్చుకున్న మరొక విద్య ఇతని భావి విజయాలకు పునాది అయ్యింది. ఆ ప్రాంతపు నెట్సిలిక్ ఇన్యుయిట్ ప్రజలు ఓడకు సమీపంలో నివాసాలు ఏర్పరచుకున్నారు. ఐరోపా యాత్రికులు చాలామంది అటువంటివారిని అనాగరికులుగా తలచి పట్టించుకోలేదు. అముండ్‌సెన్ వారికి శిష్యుడయ్యాడు. మంచు దిమ్మెలతో ఇల్లు కట్టడం, కుక్కల చేత స్లెడ్జి బండి లాగించడం, తీవ్రమైన చలిలో బండి అడుగు సాఫీగా జారేందుకు దానికి మంచుపూత పూయడం వంటి పనులు వారివద్ద అభ్యసించాడు. ఉన్ని దుస్తులకు బదులు రెయిన్‌డీర్ చర్మంతో వదులుగా కుట్టిన దుస్తులు ధరించాలని తెలుసుకున్నాడు. బిగుతు దుస్తులలో చెమట పట్టి, ఆ చెమట గడ్డకట్టడమే ధ్రువ ప్రాంతంలో మనిషికి పెద్ద శత్రువు. వదులు దుస్తులలో గాలి ఆడుతుంది కనుక ఆ ఇబ్బంది తక్కువ.

1905 ఆగస్టులో యోవా మళ్ళీ బయలుదేరి, లోతు తక్కువైన జలమార్గాల గుండా పడమటికి సాగింది. ఆగస్టు 26న పసిఫిక్ వైపు నుండి వచ్చిన ఒక తిమింగలాల వేట ఓడ ఎదురైంది. దానితో మార్గం పూర్తయినట్లు స్పష్టమయ్యింది. అయితే మంచు మళ్ళీ అడ్డుపడి మూడవ శీతాకాలం కూడా అక్కడే గడపవలసివచ్చింది. ఈ వార్తను ప్రపంచానికి తెలపడానికి అముండ్‌సెన్ కుక్కల బండిపై వందల కిలోమీటర్లు ప్రయాణించి, అలాస్కాలోని ఈగిల్ పట్టణం నుండి 1905 డిసెంబరులో తంతి పంపాడు. అదే సంవత్సరం నార్వే స్వీడన్ నుండి విడిపోయి స్వతంత్ర రాజ్యమయ్యింది. కొత్త దేశానికి అముండ్‌సెన్ మొదటి జాతీయ వీరులలో ఒకడయ్యాడు. యోవా 1906 ఆగస్టు చివరికి అలాస్కాలోని నోమ్ చేరుకుంది. ఈ యాత్రలో గుస్తావ్ వీక్ అనే సభ్యుడు మూడవ శీతాకాలంలో అనారోగ్యంతో మరణించాడు.

దక్షిణ ధ్రువపు పందెం

రహస్య నిర్ణయం

అముండ్‌సెన్ తరువాతి లక్ష్యం ఉత్తర ధ్రువం. ఇందుకోసం నాన్సెన్ తన ప్రసిద్ధ నౌక ఫ్రామ్‌ను ఇతనికి అప్పగించాడు. ఇంతలో 1909 సెప్టెంబరులో ఫ్రెడరిక్ కుక్, రాబర్ట్ పియరీ అనే ఇద్దరు అమెరికన్లు ఒకరి తరువాత ఒకరు తామే ఉత్తర ధ్రువం చేరామని ప్రకటించారు. రెండవవాడిగా వెళ్ళే యాత్రకు ధనసహాయం దొరకదని అముండ్‌సెన్‌కు తెలుసు. దక్షిణ ధ్రువాన్ని అప్పటికి ఎవరూ చేరలేదు. 1909 జనవరిలో ఎర్నెస్ట్ షాకిల్టన్ సుమారు 180 కి.మీ. దూరం వరకు వెళ్ళి ఆహారం చాలక వెనుదిరిగాడు. కెప్టెన్ స్కాట్ కూడా దక్షిణ ధ్రువ యాత్రకు సన్నాహాలు బహిరంగంగా చేస్తున్నాడు.

అముండ్‌సెన్ తన గమ్యాన్ని దక్షిణానికి మార్చుకున్నాడు. ఈ సంగతిని అన్న లియోన్‌కు, ఓడ అధికారులకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఓడను ఇచ్చిన నాన్సెన్‌కు గానీ, ధనం ఇచ్చిన దాతలకు గానీ, నార్వే ప్రభుత్వానికి గానీ తెలియనివ్వలేదు. 1910 ఆగస్టు 9న ఫ్రామ్ నార్వే తీరం విడిచింది. సెప్టెంబరులో మడైరా ద్వీపం వద్ద నావికులను సమావేశపరచి అసలు విషయం చెప్పి, ఒక్కొక్కరి సమ్మతి అడిగాడు. అందరూ అంగీకరించారు. ఫ్రామ్ అంటార్కిటికాకు వెళుతున్నదని తెలిపే క్లుప్తమైన తంతిని స్కాట్ అక్టోబరులో మెల్‌బోర్న్‌లో అందుకున్నాడు. శాస్త్ర పరిశోధనకూ, ధ్రువ సాధనకూ కలిపి బయలుదేరిన స్కాట్ యాత్ర ఆనాటి నుండి లోకం దృష్టిలో పందెంగా మారింది.

ఫ్రామ్‌హైమ్ స్థావరం

1911 జనవరి 14న ఫ్రామ్ రాస్ మంచు ఫలకం అంచున ఉన్న తిమింగలాల అఖాతం చేరింది. అక్కడ మంచు ఫలకంపైనే ఫ్రామ్‌హైమ్ అనే స్థావరాన్ని నెలకొల్పారు. రాస్ ద్వీపంలోని స్కాట్ స్థావరం కంటే ఇది ధ్రువానికి సుమారు 100 కి.మీ. దగ్గర. అయితే ఇక్కడి నుండి ధ్రువానికి దారి ఎవరికీ తెలియదు. షాకిల్టన్ వేసిన దారి స్కాట్‌కు ఉన్నది. అముండ్‌సెన్ కొత్త దారి కనుగొనవలసి ఉన్నది.

ఓడలో తెచ్చిన గ్రీన్‌లాండ్ కుక్కల సంఖ్య నూరు దాటింది. శీతాకాలం రాకముందే దక్షిణ అక్షాంశం 80, 81, 82 డిగ్రీల వద్ద మూడు టన్నులకు పైగా ఆహారం, ఇంధనం నిల్వచేశారు. తిరుగు ప్రయాణంలో దారి కొద్దిగా తప్పినా నిల్వలు దొరకాలని, దారికి అడ్డంగా ఇరువైపులా కొన్ని కిలోమీటర్ల మేర వరుసగా జెండాలు నాటారు. చీకటి నెలలలో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. వడ్రంగంలో నేర్పరి అయిన ఊలావ్ బ్యోలాండ్ స్లెడ్జి బండ్లను చిత్రికపట్టి వాటి బరువును చాలావరకు తగ్గించాడు. బూట్లు, గుడారాలు, పెట్టెలు పదే పదే సరిచేసుకున్నారు. కిరోసిన్ డబ్బాలకు సీలు ఊడి నూనె ఆవిరి కాకుండా మాటువేశారు. వంటవాడు లిండ్‌స్ట్రోమ్ ప్రతిదినం సీల్ మాంసం వడ్డించేవాడు.

తొందరపాటు

స్కాట్ తెచ్చిన మోటారు స్లెడ్జిలు తనను మించిపోతాయేమోనన్న ఆందోళన అముండ్‌సెన్‌ను వెంటాడింది. ఆ ఆందోళనలో 1911 సెప్టెంబరు 8న, వసంతం సరిగా రాకముందే, ఎనిమిది మందితో బయలుదేరాడు. కొద్ది రోజులకే ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 50 డిగ్రీల సెంటీగ్రేడును మించి పడిపోయింది. కుక్కలు చనిపోసాగాయి. మనుషుల మడమలు మంచు కాటుకు గురయ్యాయి. 80 డిగ్రీల నిల్వ వద్ద సామాను దించి వెనుదిరిగారు. చివరి రోజున అముండ్‌సెన్ వేగంగా పోయే బండితో ముందుకు వెళ్ళిపోయాడు. వెనుకబడిన వారిలో ప్రెస్ట్రుడ్ నడవలేని స్థితిలో ఉండగా, యాల్మార్ యొహాన్సెన్ అతడిని కాపాడి అర్ధరాత్రి దాటాక స్థావరానికి చేర్చాడు.

యొహాన్సెన్ 1895-96లో నాన్సెన్‌తో కలిసి ఉత్తర ధ్రువం వైపు నడిచిన అనుభవశాలి. నాయకుడు తన మనుషులను విడిచి ముందుకు పోవడం తగదని అతడు అందరి ఎదుట నిలదీశాడు. అముండ్‌సెన్ ఈ ధిక్కారాన్ని క్షమించలేదు. అతడిని ధ్రువ బృందం నుండి తొలగించి, ప్రెస్ట్రుడ్ నాయకత్వంలో వేరొక ప్రాంతపు పరిశీలనకు పంపాడు. యొహాన్సెన్ మిగిలిన బృందం కంటే ముందుగా ఒంటరిగా స్వదేశం చేరి, 1913 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. అముండ్‌సెన్ జీవితంలో ఇది చెరగని మచ్చగా మిగిలిపోయింది.

ధ్రువ ప్రయాణం

1911 అక్టోబరు మూడవ వారంలో అముండ్‌సెన్, బ్యోలాండ్, హెల్మెర్ హాన్సెన్, స్వెర్రె హాసెల్, ఆస్కార్ విస్టింగ్ నాలుగు స్లెడ్జిలతో, 52 కుక్కలతో బయలుదేరారు. రోజుకు కొన్ని గంటలు మాత్రమే ప్రయాణించి మిగిలిన కాలం విశ్రమించేవారు. దారి పొడవునా మంచు దిమ్మెలతో గుర్తులు నిర్మించారు. నవంబరులో ట్రాన్స్ అంటార్కిటిక్ పర్వతాలు అడ్డువచ్చాయి. అక్కడ కొత్తగా కనుగొన్న ఏక్సెల్ హైబెర్గ్ హిమానీనదం గుండా, లోతైన పగుళ్ళను తప్పించుకుంటూ, నాలుగు రోజులలో సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమికి ఎక్కారు.

పైకి చేరిన 45 కుక్కలలో 24 కుక్కలను అక్కడే చంపారు. వాటి మాంసం మిగిలిన కుక్కలకూ, మనుషులకూ ఆహారమయ్యింది. ఇది ముందుగా వేసుకున్న లెక్క ప్రకారమే జరిగింది. అయినా తాము పెంచిన కుక్కలను తమ చేతులతో చంపుకోవలసిన ఆ విడిదిని యాత్రికులు కసాయి కొట్టు అని పిలుచుకున్నారు. ఈ పద్ధతి తరువాత ఎన్నో విమర్శలకు గురయ్యింది.

తుఫానులను, పగుళ్ళమయమైన మంచు మైదానాలను దాటి, 1911 డిసెంబరు 14 మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో వారు దక్షిణ ధ్రువం చేరారు. అయిదుగురూ కలిసి ఒకే జెండా కర్రను పట్టుకొని నార్వే పతాకాన్ని నాటారు. ఉత్తర ధ్రువం విషయంలో చెలరేగిన వివాదం తమకు రాకూడదని మూడు రోజులపాటు అక్కడే ఉండి, సూర్యుని ఎత్తును పదే పదే కొలిచి, ధ్రువస్థానం చుట్టూ స్కీలపై తిరిగి గుర్తులు పెట్టారు. ఒక చిన్న గుడారం వేసి, నార్వే రాజు హాకోన్‌కు ఒక లేఖ, దానిని అందజేయవలసిందిగా స్కాట్‌కు మరొక లేఖ అందులో ఉంచారు. తిరుగు ప్రయాణంలో తాము మరణిస్తే విజయవార్త స్కాట్ ద్వారానైనా లోకానికి చేరాలన్నది ఇందలి ఉద్దేశం.

1912 జనవరి 25న అయిదుగురూ క్షేమంగా ఫ్రామ్‌హైమ్ చేరారు. రెండు స్లెడ్జిలు, 11 కుక్కలు మిగిలాయి. సుమారు 3,000 కి.మీ. ప్రయాణానికి 99 రోజులు పట్టింది. 1912 మార్చి 7న ఫ్రామ్ టాస్మేనియాలోని హోబార్ట్ రేవు చేరాక ఈ వార్త ప్రపంచానికి వెల్లడయ్యింది.

స్కాట్ బృందం విషాదాంతం

స్కాట్ 1911 నవంబరు 1న బయలుదేరాడు. మోటారు స్లెడ్జిలు త్వరలోనే చెడిపోయాయి. మంచూరియా గుర్రాలు చలికి తట్టుకోలేకపోయాయి. కుక్కల బండ్లు పర్వతాల అడుగు నుండి వెనుకకు మళ్ళాయి. అక్కడి నుండి మనుషులే బండ్లు లాగారు. స్కాట్, విల్సన్, బౌవర్స్, ఓట్స్, ఎడ్గార్ ఎవాన్స్ 1912 జనవరి 17న ధ్రువం చేరేసరికి నార్వే పతాకం ఎగురుతూ కనిపించింది. తిరుగుదారిలో మొదట ఎవాన్స్, తరువాత ఓట్స్ మరణించారు. మిగిలిన ముగ్గురు పెద్ద ఆహార నిల్వకు 18 కి.మీ. దూరంలో, తుఫానులో చిక్కుకొని ప్రాణాలు విడిచారు. వారి దేహాలను 1912 నవంబరులో కనుగొన్నారు.

ఆ గుడారం వద్ద దాదాపు 16 కిలోల శిలా నమూనాలు దొరికాయి. చివరి వరకూ వారు వాటిని పారవేయలేదు. వాటిలో గ్లాసాప్టెరిస్ అనే ప్రాచీన వృక్షజాతి ఆకుల శిలాజాలు ఉన్నాయి. ఈ జాతి శిలాజాలు మన గోదావరి లోయ బొగ్గు పొరలలోనూ లభిస్తాయి. అంటార్కిటికా, భారతదేశం, దక్షిణార్ధగోళపు ఇతర భూభాగాలు ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే మహాఖండంగా ఉండేవన్న సిద్ధాంతానికి ఇవి ముఖ్యమైన ఆధారాలయ్యాయి.

గెలుపోటములకు కారణాలు

రెండు యాత్రల ఫలితాలలో ఇంత వ్యత్యాసానికి చరిత్రకారులు ఈ క్రింది కారణాలు చూపుతారు.

* అముండ్‌సెన్ పూర్తిగా కుక్కలపై, స్కీలపై ఆధారపడ్డాడు. అతని బృందంలోనివారు వీటిలో ఆరితేరినవారు. స్కాట్ నాలుగు రకాల రవాణా పద్ధతులను కలిపి వాడాడు.
* నార్వే బృందం తోలు దుస్తులను ఇన్యుయిట్ పద్ధతిలో ధరించింది.
* నార్వే బృందం నిల్వచేసిన ఆహారం అవసరానికి మించి ఉన్నది. స్కాట్ నిల్వలలో పొరపాటుకు తావు మిగలలేదు. పైగా అతని ఇంధనపు డబ్బాల నుండి నూనె కారిపోయింది.
* అముండ్‌సెన్ లక్ష్యం ఒక్కటే. స్కాట్ బృందం విస్తృతమైన శాస్త్ర పరిశోధనను కూడా చేపట్టింది.
* 1912 మార్చిలో రాస్ మంచు ఫలకంపై అసాధారణమైన చలి నెలకొన్నదని వాతావరణ శాస్త్రజ్ఞురాలు సుసాన్ సోలమన్ పరిశోధనలో తేలింది.

స్కాట్ మరణవార్త 1913 ఫిబ్రవరిలో వెలువడగానే బ్రిటన్‌లో అతడు త్యాగమూర్తిగా నిలిచాడు. అముండ్‌సెన్ చెప్పకుండా వచ్చి పందెం కాశాడన్న నింద బలపడింది. 1979లో రోలాండ్ హంట్‌ఫోర్డ్ వ్రాసిన గ్రంథం ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసి అముండ్‌సెన్ ప్రతిభను ముందుకు తెచ్చింది. 2003లో అన్వేషకుడు రనుల్ఫ్ ఫియన్నెస్ స్కాట్‌ను సమర్థిస్తూ జీవిత చరిత్ర వ్రాశాడు. ఈ చర్చ ఇంకా ముగియలేదు.

మాడ్ నౌకా యాత్ర

1914లో అముండ్‌సెన్ నార్వేలో మొదటి పౌర విమాన చోదక లైసెన్సు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఓడల వ్యాపారంలో సంపాదించిన ధనంతో మాడ్ అనే నౌకను నిర్మింపజేశాడు. 1918లో దానిపై రష్యా ఉత్తర తీరం వెంట ఈశాన్య మార్గంలో బయలుదేరాడు. మొదటి శీతాకాలంలోనే జారిపడి భుజం విరిగింది. ఎలుగుబంటి దాడి చేసింది. బొగ్గుపులుసు కాని విషవాయువైన కార్బన్ మోనాక్సైడు పీల్చి ప్రాణాపాయం నుండి తప్పించుకున్నాడు. ఉత్తరాలతో, శాస్త్రీయ పత్రాలతో 1919లో తీరం వెంట పంపిన ఇద్దరు నావికులు దారిలో మరణించారు. ఓడ 1920లో నోమ్ చేరింది. దీనితో ఆర్కిటిక్ మహాసముద్రం చుట్టూ అముండ్‌సెన్ ప్రయాణం పూర్తయ్యింది. ఈ నౌకపై సముద్ర శాస్త్రజ్ఞుడు హరాల్డ్ స్వెర్‌డ్రుప్ జరిపిన పరిశోధనలు ఎంతో విలువైనవి.

మంచు మీద అంత జాగరూకత చూపిన అముండ్‌సెన్ ధన వ్యవహారాలలో మాత్రం జాగ్రత్తపడలేదు. అప్పులు పెరిగి 1924లో దివాలా తీశాడు. ఏళ్ళ తరబడి తన వ్యవహారాలు చూసిన అన్న లియోన్‌తోనూ శాశ్వతంగా వైరం ఏర్పడింది.

ఆకాశ మార్గంలో

అమెరికన్ ధనికుడు లింకన్ ఎల్స్‌వర్త్ సహాయంతో అముండ్‌సెన్ 1925 మే 21న రెండు సముద్ర విమానాలలో, మొత్తం ఆరుగురితో ఉత్తర ధ్రువం వైపు బయలుదేరాడు. ఉత్తర అక్షాంశం 88 డిగ్రీలకు చేరువలో విమానాలు మంచు మధ్య దిగవలసివచ్చింది. ఒకటి పనికిరాకుండా పోయింది. కొద్దిపాటి ఆహారంతో మూడు వారాలకు పైగా శ్రమించి, వందల టన్నుల మంచును తొలగించి పరుగుబాట తయారుచేశారు. జూన్ 15న ఆరుగురూ ఒకే విమానంలో ఎగిరి బయటపడ్డారు. అప్పటికి లోకం వారిపై ఆశ వదులుకొని ఉన్నది.

మరుసటి ఏడాది ఇటలీకి చెందిన ఉంబెర్టో నోబిలే రూపొందించిన నోర్గె అనే వాయునౌకలో అముండ్‌సెన్, ఎల్స్‌వర్త్, నోబిలే తదితరులు 16 మంది స్పిట్స్‌బెర్గెన్ నుండి బయలుదేరారు. 1926 మే 12న ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించి, మే 14న అలాస్కాలో దిగారు. అంతకు మునుపటి కుక్, పియరీ, బర్డ్‌ల వాదాలపై అనుమానాలు ఉన్నందున, నిస్సందేహంగా ఉత్తర ధ్రువం చేరిన మొదటి యాత్ర ఇదేనని పలువురు భావిస్తారు. దక్షిణ ధ్రువంపై పతాకం నాటిన ఆస్కార్ విస్టింగ్ ఈ నౌకలోనూ ఉన్నాడు.

ఈ విజయంలో ఘనత ఎవరిదన్న విషయమై అముండ్‌సెన్‌కు, నోబిలేకు మధ్య తీవ్రమైన కలహం చెలరేగింది. 1927లో వెలువడిన ఆత్మకథలో అముండ్‌సెన్ నోబిలేను కటువుగా విమర్శించాడు. ఆ గ్రంథం అతని మిత్రులను కూడా బాధపెట్టింది.

చివరి యాత్ర

1928 మే 25న నోబిలే నడుపుతున్న ఇటాలియా అనే వాయునౌక ఉత్తర ధ్రువం నుండి తిరిగివస్తూ మంచుపై కూలిపోయింది. ఈ వార్త విన్న అముండ్‌సెన్ తన వైరాన్ని ప్రక్కనబెట్టి, గాలింపునకు వెంటనే సిద్ధపడ్డాడు. ఫ్రాన్సు ప్రభుత్వం పంపిన లాథమ్ సముద్ర విమానంలో, తన పూర్వ సహచరుడైన లైఫ్ డీట్రిక్‌సన్, ఫ్రెంచి చోదకుడు రెనే గిల్‌బో, మరి ముగ్గురు ఫ్రెంచి సిబ్బందితో కలిసి 1928 జూన్ 18న ట్రోమ్సో నుండి బయలుదేరాడు. కొన్ని గంటల తరువాత ఆ విమానం నుండి సంకేతాలు ఆగిపోయాయి. ఆగస్టు చివరిలో నార్వే తీరానికి సమీపంలో విమానపు తేలుడు తొట్టి ఒకటి దొరికింది. ఆరుగురి దేహాలు ఎన్నడూ లభించలేదు.

నోబిలేను జూన్ 24న ఒక స్వీడిష్ విమాన చోదకుడు రక్షించాడు. మంచుపై ప్రాణాలతో మిగిలిన ఇతరులను సోవియట్ మంచుకోత నౌక క్రాసిన్ జూలై 12న కాపాడింది. దక్షిణ ధ్రువ విజయానికి 17 ఏళ్ళు నిండిన 1928 డిసెంబరు 14న నార్వే దేశమంతటా రెండు నిమిషాలు మౌనం పాటించి అముండ్‌సెన్‌కు నివాళి అర్పించారు.

తరువాతి కాలపు ధ్రువ పందేలు

అముండ్‌సెన్, స్కాట్‌ల పోటీ స్ఫూర్తితో ఆధునిక కాలంలో దక్షిణ ధ్రువానికి పందేలు జరిగాయి. 2008-09 దక్షిణార్ధగోళపు వేసవిలో జరిగిన పందెంలో ఒలింపిక్ పడవ పోటీల స్వర్ణ విజేత జేమ్స్ క్రాక్‌నెల్, టెలివిజన్ వ్యాఖ్యాత బెన్ ఫోగుల్ ఉన్న బ్రిటిష్ జట్టు పాల్గొన్నది. ఈసారి కూడా నార్వే జట్టే మొదట చేరగా, బ్రిటిష్ జట్టు రెండవ స్థానం పొందింది.

2013లో గాయపడిన సైనికుల సహాయార్థం మూడు జట్లతో మరొక పందెం ఏర్పాటయ్యింది. బ్రిటిష్ జట్టుతో యువరాజు హ్యారీ, మిగిలిన జట్లతో నటులు అలెగ్జాండర్ స్కార్స్‌గార్డ్, డొమినిక్ వెస్ట్ నడిచారు. దారి మరీ కష్టంగా ఉండటంతో క్షేమం దృష్ట్యా పోటీని మధ్యలోనే రద్దుచేశారు. మూడు జట్లూ డిసెంబరు 13న కలిసి ధ్రువం చేరాయి.

స్మారకాలు

* దక్షిణ ధ్రువంపై అమెరికా నిర్వహిస్తున్న పరిశోధనా కేంద్రానికి ఇద్దరు ప్రత్యర్థుల పేర్లనూ జోడించి అముండ్‌సెన్-స్కాట్ కేంద్రం అని పేరు పెట్టారు.
* అంటార్కిటికాలోని అముండ్‌సెన్ సముద్రం, కెనడా ఉత్తరాన ఉన్న అముండ్‌సెన్ సింధుశాఖ, చంద్రుని దక్షిణ ధ్రువ సమీపంలోని ఒక బిలం ఇతని పేరుతో ఉన్నాయి.
* ఫ్రామ్, యోవా నౌకలను ఓస్లోలోని ఫ్రామ్ మ్యూజియంలో భద్రపరచారు. యోవా చాలాకాలం అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండి 1972లో స్వదేశం చేరింది.
* కెనడా జలాలలో మునిగిపోయిన మాడ్ నౌకను పైకి తీసి 2018లో నార్వేకు తీసుకువచ్చారు.
* ఓస్లో సమీపంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఇతని ఇల్లు మ్యూజియంగా మార్చబడింది.